పాచికల బల్ల: సాహసాన్ని కంప్యూటర్లో సర్దుకోవడం – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఒకరు గేమ్ మాస్టరుగా కథ నడుపుతుంటే మిగతావాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుని పాచికలు వేసి ఆడే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆట గురించి, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలన్నిటిలోనూ దాదాపు ఒకటే బాధ. సరుకు బోలెడుంది, కంప్యూటర్లోకి ఎక్కించారు కూడా, కానీ ఆట మధ్యలో కావలసినది చేతికి దొరకడం లేదు. అందుకే ఈ సంచిక మొత్తం దానికే ఇచ్చేశాం.

ప్రశ్న: నేను కొన్న సాహసం (ఆడించడానికి ముందే రాసి అమ్మే కథ) పీడీఎఫ్ 64 పేజీలు. అధ్యాయానికి ఒక నోటు చొప్పున అబ్సిడియన్ అనే నోట్లు రాసుకునే సాఫ్ట్‌వేరులో అతికించాను. ఆట మొదలయ్యాక రేవు కాపలావాడు ఎవరి మనిషి అని అడిగితే నాలుగు నోట్లు తిరగేయాల్సి వచ్చింది. ఎలా విడగొట్టాలి? – శ్రీకాకుళం

జవాబు: ఆ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుకునేవారి కోసం రాసింది. మీ బల్ల దగ్గర ఎవరూ ఆ వరసలో నడవరు. అధ్యాయాన్ని అధ్యాయంగానే తెచ్చిపెడితే పీడీఎఫ్‌లో ఉన్న వెతుకులాటే నోట్లలోకీ వస్తుంది.

ముందు సరుకును మూడుగా వేరు చేయండి. సాహసం అయిపోయినా మిగిలేవి ఒకటి: మనుషులు, చోట్లు, వస్తువులు, ముఠాలు. ఈ సాహసంలో జరగబోయేవి రెండోది: సన్నివేశాలు. మీ బల్ల దగ్గర నిజంగా జరిగినది మూడోది: సెషన్ చిట్టా. ఫోల్డర్లు కూడా ఈ మూడే చాలు, బొమ్మలకు ఇంకొకటి. ఎక్కడ చూసినా గందరగోళానికి మూలం ఈ మూడూ ఒకే నోటులో కలవడమే. కథలో ఒక దివాను ఉన్నాడనుకోండి. ఆయన గురించి పుస్తకం చెప్పినదీ, మీరు మార్చుకున్నదీ, పోయిన ఆదివారం ఆటగాళ్ళు ఆయనతో కుదుర్చుకున్న బేరమూ ఒకే పేరాలో ఉంటే, ఆ దివాను ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాడో మీకే తెలియదు.

పని ఇలా చేయండి. మొదటిసారి ఏమీ టైపు చేయకుండా పుస్తకం మొత్తం చదవండి. రెండోసారి కాగితం దగ్గర పెట్టుకుని, వచ్చిన ప్రతి పేరునూ పేజీ సంఖ్యతో రాసుకోండి. జాబితా పూర్తయ్యాక, రెండు సన్నివేశాల్లో ఎదురయ్యే పేర్లకు మాత్రమే సొంత నోటు ఇవ్వండి. ఒక్కచోట కనిపించి పోయే సిపాయి ఆ సన్నివేశంలోనే ఒక లైనుగా ఉంటాడు. 64 పేజీల పుస్తకానికి మొత్తం మీద 40 నోట్లు దాటాయంటే ముక్కలు మరీ చిన్నవైపోయాయని అర్థం. ప్రతి సైనికుడికీ, ప్రతి గదికీ ఒక నోటు పెట్టినవాళ్ళు ఆటలో చదవడం కన్నా నొక్కడమే ఎక్కువ చేస్తారు.

సన్నివేశం నోటే అసలు పనిముట్టు. అది తెర మీద కిందికి జరపకుండా కనిపించాలి. అందులో ఉండాల్సినవి: ఆటగాళ్ళు ఇక్కడికి ఎందుకు వస్తారో ఒక వాక్యం, రాగానే ఏం కనిపిస్తుందో, వినిపిస్తుందో రెండు మూడు వాక్యాలు, ఎవరున్నారో లింకులతో (నోటు పేరును [[ ]] మధ్య రాస్తే అది లింకు), ఏం దాగి ఉందో, దాన్ని పట్టుకోవడానికి ఏ పరీక్షకు పాచికల మీద ఎంత సంఖ్య రావాలో, ఇక్కణ్ణుంచి ఎటు వెళ్ళొచ్చో. కళింగపట్నం రేవు మీద కథ పెట్టుకున్నారనుకోండి. '070 దీపస్తంభం, అర్ధరాత్రి' అన్న నోటులో 'దీపం ఆరి ఉంది, మెట్ల మీద తడి అడుగులు, పైన ఎవరో దగ్గుతున్నారు' అని ఉంటుంది. 'తడి అడుగులు పైకే వెళ్ళాయి, దిగలేదు: పర్సెప్షన్ 13' అని దాని కిందే ఉంటుంది (పర్సెప్షన్ అంటే గమనించే శక్తికి పరీక్ష). వంశధార సముద్రంలో కలిసే చోటు వర్ణన మాత్రం ఇందులో వద్దు. దాన్ని 'కళింగపట్నం రేవు' నోటులో ఒక్కసారే రాసి, ఇక్కడ లింకు ఇవ్వండి.

సన్నివేశాలకు అంకెలు 010, 020, 030 అని పదేసి చొప్పున వేసుకోండి. ఆటగాళ్ళు మీరు అనుకోని చోటికి వెళ్ళినప్పుడు పుట్టే కొత్త సన్నివేశం 025గా దూరుతుంది, పాతవాటి పేర్లు మార్చే పని ఉండదు.

మనిషి నోటుకు నాలుగు లైన్లు చాలు: చూడగానే ఎలా ఉంటాడు, అతనికేం కావాలి, అతనికేం తెలుసు, ఎలా మాట్లాడతాడు. నాలుగోదాన్ని చాలామంది వదిలేస్తారు. నిజానికి ఆటలో మొట్టమొదట అక్కరకొచ్చేది అదే. పడవ సరంగు నోటులో 'ముసలివాడు, నిదానంగా మాట్లాడతాడు' అని రాస్తే బల్ల దగ్గర ఏ గొంతూ రాదు. 'ఏటి బావూ, ఈ యేళప్పుడు రేవుకొచ్చినారు?' అన్న ఒక్క మాట రాసుకోండి, గొంతు దానంతటదే వస్తుంది.

ఇంకొక్క సంగతి. ఏ వివరాన్నీ రెండు చోట్ల టైపు చేయకండి. తాళంచెవి ఎవరి దగ్గరుందో సన్నివేశంలోనూ మనిషి నోటులోనూ రాస్తే, ఒకచోట మార్చి రెండోచోట మరచిపోవడం ఖాయం. అబ్సిడియన్‌లో లింకు ముందు ఆశ్చర్యార్థకం పెడితే ఆ నోటులోని రాత ఇక్కడే తెరుచుకుని కనిపిస్తుంది. లింకు చివర # పెట్టి శీర్షిక పేరు రాస్తే ఆ ఒక్క భాగమే వస్తుంది. ప్రతి నోటు చివరా పుస్తకం పేజీ సంఖ్య ఉంచండి. అనుమానం వచ్చిన రోజు అదే మీకు దారి.

ప్రశ్న: ఆదివారాలు ఇంట్లో అయిదుగురం కూర్చుని ఆడతాం. మా తమ్ముడు బెంగళూరు నుంచి ఆన్‌లైన్‌లో చేరతాడు. అబ్సిడియన్, కంకా, రోల్20, ఫౌండ్రీ అంటూ తలా ఒకటి చెబుతున్నారు. ఏది తీసుకోవాలి? – విజయనగరం

జవాబు: ఇవి రెండు వేర్వేరు పనులకు పుట్టిన సాఫ్ట్‌వేర్లు. అబ్సిడియన్, కంకా రాతను సర్దుకోవడానికి. రోల్20, ఫౌండ్రీ తెర మీద మ్యాపు పరచి, టోకెన్లు (పాత్రల బిళ్ళలు) జరిపి, పాచికలు వేయడానికి. రెండో రకంలో కూడా నోట్లు పెట్టుకోవచ్చు గానీ, రాయడానికి హాయిగా ఉండదు.

మీ లెక్కకు మా సలహా ఇది: రాత అంతా అబ్సిడియన్‌లో, మ్యాపులు ఫౌండ్రీలో లేదా రోల్20లో. అబ్సిడియన్‌ను ముందు పెట్టడానికి కారణం ఒక్కటే. మీ రాత మీ డిస్కు మీద మామూలు టెక్స్టు ఫైళ్ళుగా ఉంటుంది. రేపు ఆ సాఫ్ట్‌వేరే లేకపోయినా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. ఏ సాఫ్ట్‌వేరు ఎంచుకున్నా పెట్టిన సరుకు బయటికి ఎలా తీయాలో మొదటిరోజే చూసుకోవాలి. అయిదు నోట్లు పెట్టి, ఎగుమతి చేసి, తెరిచి చూడండి. కంకా బ్రౌజర్లో నడుస్తుంది. మనుషులు, చోట్లు, ముఠాలు, క్యాలెండర్లు అని ముందే గదులు కట్టి ఇస్తుంది. ఆటగాళ్ళు కూడా లాగిన్ అయి చదువుకోవాలంటే అది మెరుగు.

ఫౌండ్రీని గేమ్ మాస్టరు ఒక్కరు ఒక్కసారి కొంటే చాలు, ఆటగాళ్ళు బ్రౌజర్లో చేరతారు. కానీ అది మీ కంప్యూటరు మీదే సర్వరుగా నడుస్తుంది కాబట్టి, మీ తమ్ముడు బయటి నుంచి రావాలంటే రౌటర్లో 30000 పోర్టు (బయటివాళ్ళు లోపలికి వచ్చే దారి) తెరవాలి. మన ఊళ్ళలో చాలామందికి ఇక్కడే ఆగిపోతుంది. పోర్టు తెరిచినా చేరలేకపోతే రౌటరు పేజీలో వ్యాన్ ఐపీ (రౌటరుకు బయటివైపు ఇచ్చిన చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, కనెక్షన్ ఇచ్చినవారు ఒకే బయటి చిరునామాను ఎంతోమందికి పంచుతున్నారన్నమాట. రౌటర్లో మీరేం మార్చినా ఫలితం ఉండదు. మీకే సొంతంగా ఉండే మారని చిరునామా (స్టాటిక్ ఐపీ) అడగాలి, లేదా మధ్యలో వేరే సర్వరు మీదుగా దారి చూపే టన్నెల్ సేవ వాడాలి, లేదా ఫౌండ్రీని అద్దె సర్వరు మీద పెట్టాలి. ఈ తలనొప్పి వద్దనుకుంటే రోల్20 సుఖం, అక్కడ సర్వరు వాళ్ళదే.

మ్యాపుల బరువు కూడా చూసుకోండి. 10 ఎంబీ బొమ్మ 2 ఎంబీపీఎస్ లైను మీద దిగడానికి 40 సెకన్లు. అంతసేపూ మీ తమ్ముడికి నల్లటి తెర. ఫౌండ్రీలో గడికి 100 పిక్సెళ్ళు మామూలు లెక్క. 30 గడులు, 40 గడుల మ్యాపుకు 3000 × 4000 పిక్సెళ్ళు చాలు. పీఎన్‌జీ రకం బొమ్మను వెబ్‌పీ రకంగా మార్చి ఎక్కించండి, కంటికి తేడా తెలియదు, బరువు బాగా దిగుతుంది.

ప్రశ్న: నోట్లన్నీ తెలుగులోనే రాసుకుంటున్నాను. 'బొబ్బిలి కోట' అని నోటు ఉన్నా, 'కోటలో', 'కోటకి' అని రాసినచోట లింకు పడదు. వెతికితే కొన్నిసార్లు ఉన్న మాటే దొరకదు. ఇంగ్లిషులోకి మారిపోవాలా? – బొబ్బిలి

జవాబు: మారొద్దు. బల్ల దగ్గర తెలుగులో మాట్లాడుతూ ఇంగ్లిషు నోటు చదివితే ప్రతి వాక్యమూ అప్పటికప్పుడు అనువదించుకోవాలి, ఆట నడక దెబ్బతింటుంది. మీ ఇబ్బందులకు మందులున్నాయి.

మొదటిది విభక్తులు. ఇంగ్లిషులో పేరు చెక్కు చెదరదు, మనకు మాట చివర మారిపోతుంది. మారనిచోట ప్రత్యయాన్ని బ్రాకెట్ల బయట తగిలించండి: [[బొబ్బిలి కోట]]లో. తెర మీద మామూలుగా కలిసే కనిపిస్తుంది. మాట మారేచోట నిలువు గీత వాడండి: [[రాజు గుర్రం|రాజు గుర్రాన్ని]]. గీతకు ఎడమవైపు నోటు పేరు, కుడివైపు మీకు కనిపించాల్సిన రూపం. తరచూ వచ్చే రూపాలు రెండు మూడు ఉంటే నోటు పైన అలియాస్‌లుగా (మారుపేర్లుగా) రాసిపెట్టండి. అప్పుడు కంట్రోల్ నొక్కి ఓ కొడితే వచ్చే పెట్టెలో ఏ రూపం టైపు చేసినా నోటు దొరుకుతుంది. నోటు పేరు మాత్రం ఎప్పుడూ ప్రథమా విభక్తిలోనే ఉంచండి.

రెండోది వెతుకులాట. కంప్యూటరు చూసేది అక్షరం ఆకారం కాదు, లోపలి సంకేతాల వరస. 'ఊళ్ళో', 'ఊళ్లో' మనకు ఒకటే, దానికి రెండు. 'సాఫ్ట్‌వేర్' అని విడిగా కనిపించడానికి ట్ తర్వాత ఒక కనిపించని గుర్తు ఉంటుంది. ఆ గుర్తు లేకుండా వెతికితే దొరకదు. ఫోను కీబోర్డు ఒకలా, ల్యాప్‌టాప్ కీబోర్డు ఇంకొకలా కొట్టడం వల్లే 'ఉన్న మాటే దొరకదు'. ళ్ళ రాయాలో ళ్ల రాయాలో ఒకటి నిర్ణయించుకుని, పాత నోట్లన్నిటిలో ఒకేసారి మార్చేయండి. పరభాషా పేర్లలో కనిపించని గుర్తు అవసరం పడని రూపం ఎంచుకోండి. వెతికేటప్పుడు మాట మొత్తం కాకుండా మొదటి మూడు నాలుగు అక్షరాలే కొట్టండి. 'గుర్ర' అంటే గుర్రం, గుర్రాన్ని, గుర్రాలు అన్నీ వస్తాయి.

మూడోది ఫైలు పేరు పొడవు. ఆండ్రాయిడ్ ఫోనులోనూ లినక్సులోనూ ఒక ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో ప్రతి హల్లుకీ గుణింతం గుర్తుకీ పొల్లుకీ మూడేసి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరమే 18 బైట్లు. అంటే ఫైలు చివర వచ్చే .md పోగా మొత్తం 84 సంకేతాల దగ్గర పేరు అయిపోతుంది. విండోస్‌లో పెట్టిన పొడుగు పేరు ఫోనుకు సింక్ కాకుండా నిలిచిపోయేది ఇందుకే. కంటికి పాతిక అక్షరాల లోపు ఉంచితే ఎక్కడా బాధ లేదు. నోటు పేర్లలో చదరపు బ్రాకెట్లు, #, ^, |, కోలన్, ఏటవాలు గీతలు (/, \) కూడా వాడకండి, లింకులు తెగుతాయి.

పాత పేజ్‌మేకరు ఫైళ్ళ నుంచి, అను ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌ల నుంచి తెచ్చి అతికిస్తే పిచ్చి గుర్తులు రావడం గురించి కూడా ఇద్దరు ముగ్గురు రాశారు. అవి యూనికోడ్ కాదు. తెలుగు బొమ్మను ఇంగ్లిషు సంకేతాల మీద అమర్చిన ఫాంట్లు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టరు గుండా పంపి, ఒత్తులూ విరామ చిహ్నాలూ ఒకసారి కంటితో చూసుకోండి. అచ్చు పుస్తకాన్ని స్కాన్ చేసి ఉంటే గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరవండి, బొమ్మలోని తెలుగును టెక్స్టుగా తీసి ఇస్తుంది. ప–వ, ధ–థ తారుమారవుతుంటాయి. పేర్లలో ఈ తప్పు ఉండిపోతే ఆ లింకు ఎప్పటికీ పడదు కనుక, ముందు పేర్లే సరిచూడండి.

ప్రశ్న: ఫౌండ్రీ వరల్డ్ ఫోల్డరును (మా ఆట సరుకంతా ఉండేది) వారం వారం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసేదాన్ని. ల్యాప్‌టాప్ పాడయ్యాక ఆ కాపీ తెరిస్తే సగం జర్నళ్ళు (అందులో రాసుకున్న నోట్లు) లేవు. పైగా మా వైపు గాలివానకు కరెంటు పోతే నెట్టూ పోతుంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? – పలాస

జవాబు: మీరు ఫౌండ్రీ నడుస్తుండగా కాపీ చేసి ఉంటారు. దాని డేటాబేసు ఒకే ఫైలు కాదు, ఒకదానికొకటి ముడిపడిన చిన్న చిన్న ఫైళ్ళ గుంపు. నడుస్తున్నప్పుడు కొన్ని పాతవి, కొన్ని సగం రాసినవి కాపీలోకి వస్తాయి. తెరిచినప్పుడు పొంతన కుదరక కొంత పోతుంది. ఆట ముగించి, వరల్డ్ మూసి, ఫౌండ్రీని కూడా మూసేసి అప్పుడు కాపీ చేయాలి. ఇదే కారణంతో ఫౌండ్రీ డేటా ఫోల్డరును వన్‌డ్రైవ్ లాంటి సింక్ ఫోల్డర్లలో పెట్టకూడదు. అది రాస్తున్న ఫైలునే ఇది పట్టుకుంటుంది, రెండూ గొడవపడతాయి. మూసేసిన కాపీని జిప్ చేసి, ఆ జిప్‌ను క్లౌడ్‌లో పెట్టండి.

కాపీలు మూడు చోట్ల ఉండాలి: ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఇంట్లో కాకుండా ఇంకెక్కడో ఒకటి. పేరులో తేదీ 2025-08-17 తీరున రాస్తే వాటంతట అవే వరసలో కూర్చుంటాయి. పాతదాని మీద కొత్తది రాయకుండా చివరి నాలుగు ఉంచుకోండి. పాడైన సంగతి రెండు వారాల తర్వాత తెలిసినా వెనక్కి వెళ్ళగలగాలి. రెండు నెలలకోసారి ఒక కాపీని నిజంగా తెరిచి చూడండి. తెరిచి చూడని కాపీని కాపీగా లెక్కపెట్టకూడదు.

ఆట రోజున ఫౌండ్రీ కొత్త వెర్షన్ అడిగితే ఒప్పుకోకండి. కొత్తదానిలోకి మారిన వరల్డ్ పాత వెర్షన్లో మళ్ళీ తెరుచుకోదు, మీరు వాడే మాడ్యూళ్ళు (అదనంగా తగిలించుకునే ముక్కలు) ఇంకా సిద్ధంగా ఉండకపోవచ్చు. కాపీ తీసుకుని, సోమవారం మార్చండి, వారం రోజులు చేతిలో ఉంటాయి.

కరెంటు సంగతి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్ళు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో మీకు చెప్పనక్కర్లేదు. అంత కాకపోయినా, గాలివాన వేళ ఆటకు కూర్చునేవారు నెట్టు లేకుండా నడిచేలా ఉండాలి. అబ్సిడియన్ నోట్లు వన్‌డ్రైవ్‌లో పెట్టినవారు ఆ ఫోల్డరు మీద కుడి బటన్ నొక్కి 'ఎప్పుడూ ఈ కంప్యూటర్లో ఉంచు' అన్న అర్థం వచ్చే ఎంపిక పెట్టుకోవాలి. లేకపోతే పేరు కనిపిస్తుంది, నొక్కితే తెరుచుకోదు. ఒకే నోట్ల ఫోల్డరుకు రెండు సింక్ సేవలు తగిలించకండి, ఒకే నోటుకు రెండు మూడు నకళ్ళు పుడతాయి. చివరగా, ఆ రోజు ఆటకు కావలసిన సన్నివేశాలూ స్టాట్ బ్లాకులూ (పాత్రల, రాక్షసుల బలాబలాల అంకెల పట్టీలు) రెండు కాగితాల మీద ప్రింటు తీసుకోండి. లాంతరు వెలుగులోనూ ఆట సాగుతుంది.

ప్రశ్న: 1757 బొబ్బిలి యుద్ధం మీద క్యాంపెయిన్ (చాలా సెషన్ల పాటు సాగే ఆట కథ) రాస్తున్నాను. చరిత్ర, విన్న కథలు, నేను కల్పించినవి కలిసిపోతున్నాయి. ఆటగాళ్ళు చరిత్రను మార్చేస్తే నోట్లు ఏం చేయాలి? – రాజాం

జవాబు: మంచి చోట కూర్చుని రాస్తున్నారు. ఈ కథ మలుపు తిరిగేది మీ ఊళ్ళోనే.

ప్రతి నోటు పైన 'ఆధారం' అన్న ప్రాపర్టీ (నోటు గురించిన వివరం రాసే గడి) పెట్టి, దానికి మూడే విలువలు ఇవ్వండి: చరిత్ర, వాడుక కథ, కల్పన. 1757 జనవరి 24న కోట మీద దాడి, ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం విజయరామరాజు ఒకవైపు, కోటలో రంగారావు – ఇది చరిత్ర. రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుడికి కబురు వేళకు అందలేదన్నది వాడుక కథ కింద పెట్టండి. కబురు మోసే మీ ఆటగాళ్ళు కల్పన. ఒకే నోటులో రెండు రకాలు కలిస్తే నోటును విడగొట్టండి. [ఆధారం:చరిత్ర] అని వెతికితే ఆ నోట్లన్నీ వరసగా వస్తాయి. ఎవరైనా 'ఇది నిజంగా జరిగిందా?' అని అడిగినప్పుడు తడుముకోకుండా జవాబు చెప్పగలుగుతారు. ఈ జిల్లాల్లో అది చిన్న విషయం కాదు. ఆ కుటుంబాల వారసులూ, ఆ కథను గుండెల్లో పెట్టుకున్నవారూ మీ బల్ల దగ్గరే ఉండొచ్చు. కోటలో ఆడవాళ్ళ చావులను ఆట సన్నివేశంగా పెట్టకండి. ఆ నోటు నేపథ్యంగానే ఉండనివ్వండి.

కాలక్రమం రాసేటప్పుడు 'ఇది జరుగుతుంది' అని రాయడం తప్పు. 'ఎవరూ అడ్డుకోకపోతే ఇది జరుగుతుంది' అని రాయండి. జనవరి 18 నుంచి 24 దాకా రోజుకు ఒక లైను, ప్రతి లైనులో మూడు సంగతులు: ఎవరు ఏం చేయబోతున్నారు, దాన్ని ఆటగాళ్ళు ఎలా పసిగట్టగలరు, అడ్డుపడితే ఆ మనిషి తర్వాత ఏం చేస్తాడు. మూడోది ఉన్నంతవరకూ ఆటగాళ్ళు ఏం మార్చినా మీరు నిలబడగలరు. ఎందుకంటే మీ దగ్గర ఉన్నది జరగబోయే కథ కాదు, ఒక్కొక్కరి కోరికా పట్టుదలా. పాపారాయుడికి కబురు అందేస్తే? అతని నోటులో 'ఏం కావాలి' అన్న లైను చదివితే మీకు తర్వాతి సన్నివేశం దొరుకుతుంది.

చరిత్ర నోట్లను మాత్రం ఎప్పటికీ మార్చకండి. ఆటలో కోట నిలబడిపోతే ఆ సంగతి సెషన్ చిట్టాలోకి వెళ్తుంది, 'బొబ్బిలి కోట' నోటు కింద 'మన ఆటలో' అన్న శీర్షిక దగ్గర చిట్టాకు ఒక లింకు పడుతుంది. పైన ఉన్న చరిత్ర అలాగే ఉంటుంది. రెండో బృందంతో ఇదే క్యాంపెయిన్ మళ్ళీ నడిపినప్పుడు దీని విలువ తెలుస్తుంది. అప్పుడు చిట్టా ఫోల్డరు ఒక్కటే కొత్తది పెట్టుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: మ్యాపు తెరవగానే ద్రోహి ఎవరో ఆటగాళ్ళకు తెలిసిపోయింది. జర్నల్ నేను వాళ్ళకు చూపలేదు. ఎలా? – నరసన్నపేట

జవాబు: టోకెను పేరు చూడండి. 'ద్రోహి దివాను' అని మీరు మీ గుర్తుకోసం పెట్టుకున్న పేరు టోకెను కింద అందరికీ కనిపించి ఉంటుంది. బొమ్మ ఫైలు పేరు కూడా బ్రౌజర్లో బయటపడగలదు. పేర్లలో రహస్యం ఎప్పుడూ ఉండకూడదు. ఫౌండ్రీలో పాత్రకూ దాని టోకెనుకూ పేర్లు వేరుగా పెట్టొచ్చు, టోకెను పేరు ఎవరికి కనిపించాలో కూడా ఎంచుకోవచ్చు. జర్నల్‌కు 'అబ్జర్వర్' అనుమతి ఇస్తే మొత్తం చదవగలరు, రహస్యం మాత్రం సీక్రెట్ బ్లాకులో (దాచిపెట్టే పేరాలో) ఉంటేనే దాగుతుంది. 'ఓనర్' ఇస్తే అదీ కనిపిస్తుంది. రోల్20లో హ్యాండౌటుకు (ఆటగాళ్ళకు చూపే నోటుకు) గేమ్ మాస్టరు నోట్స్ అని వేరే గడి ఉంది, అందులో రాయండి. ఏదైనా సరే, ఆటకు ముందు ఆటగాడి ఖాతాతో ఇంకొక బ్రౌజర్లో చేరి మీ కళ్ళతో చూసుకోవడం మించిన పరీక్ష లేదు.

ప్రశ్న: ఫోల్డర్లా, ట్యాగులా? – టెక్కలి

జవాబు: వస్తువు ఏమిటో ఫోల్డరు చెప్పాలి, అది ఏ స్థితిలో ఉందో ట్యాగు చెప్పాలి. 'మనుషులు' ఫోల్డరు. 'చనిపోయాడు', 'కలవలేదు', 'అప్పున్నాడు' ట్యాగులు. ట్యాగులు పది దాటితే ఏది పెట్టామో మీకే గుర్తుండదు. అబ్సిడియన్‌లో చుక్కలూ గీతలూ చూపే గ్రాఫ్ చూడముచ్చటగా ఉంటుంది గానీ ఆటలో దానితో పనిపడదు. దాని కోసం లింకులు పెంచకండి.

ప్రశ్న: రాక్షసుల స్టాట్ బ్లాకులు తెలుగులోకి మార్చుకున్నాను. వేరే బృందాలకు పంచొచ్చా? – చీపురుపల్లి

జవాబు: ఎక్కణ్ణుంచి తీసుకున్నారన్నదాన్ని బట్టి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అన్న రోల్‌ప్లేయింగ్ ఆట అయిదో ఎడిషన్ నియమాల్లో కొంత భాగాన్ని ఎస్‌ఆర్‌డీ 5.1 పేరుతో 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 అనే లైసెన్సు కింద విడుదల చేశారు. అందులో ఉన్నవాటిని అనువదించి, మూలం పేర్కొని, మార్పులు చేశామని చెప్పి పంచుకోవచ్చు. బిహోల్డర్, మైండ్ ఫ్లేయర్ వంటి రాక్షసుల స్టాట్ బ్లాకులు అందులో లేవు. కొన్న సాహసాల పాఠం, మ్యాపులు మీ బల్ల వరకే. అందుకే మొదటినుంచీ 'ఎస్‌ఆర్‌డీ', 'సొంతం', 'కొన్నది' అని మూడు ఫోల్డర్లుగా పెట్టుకోండి, తర్వాత ఏరడం చాలా కష్టం. ఫౌండ్రీలో అయితే ఇవన్నీ కాంపెండియంలో (విడిగా ఉండే భాండారంలో) ఉంచి, ఆ వారానికి కావలసినవే వరల్డ్‌లోకి లాగండి. వరల్డ్‌లో ఉన్న ప్రతిదీ తెరవగానే మెమరీలోకి ఎక్కుతుంది, కాంపెండియంలోవి అడిగినప్పుడే వస్తాయి. పాత ల్యాప్‌టాప్‌ల మీద ఈ తేడా బాగా తెలుస్తుంది.

ప్రశ్న: ఆట అయ్యాక చిట్టా రాయడానికి ఓపిక ఉండదు. మర్నాటికి సగం మరచిపోతాను. ఎంత రాస్తే సరిపోతుంది? – ఆమదాలవలస

జవాబు: పది నిమిషాలు, ఆటగాళ్ళు చెప్పులు వేసుకునే లోపే. కథ రాయకండి. మూడు జాబితాలు: ఏం మారింది, ఆటగాళ్ళు ఎవరికి ఏం మాట ఇచ్చారు, ఆట ఏ క్షణంలో ఆగింది. మీరు అప్పటికప్పుడు పుట్టించిన పేర్లు మొదటి జాబితాలోనే చేరతాయి. సంతలో బెల్లం అమ్మే మనిషికి మీరు నోటికొచ్చిన పేరు పెడతారు, ఆరు వారాల తర్వాత ఆటగాళ్ళు ఆయన్నే వెతుక్కుంటూ వస్తారు. టైపు చేయలేకపోతే ఫోనులో గొంతుతో రికార్డు చేసి, మర్నాడు పొద్దున చిట్టాలోకి ఎక్కించండి.

మధ్యవారంలో ఇంకో పావుగంట కేటాయించి, ఆ జాబితాల్లోని ప్రతి పేరునూ లింకు చేయండి, ఆయా నోట్ల ట్యాగులు సరిచేయండి. ముందుగా రెండో జాబితా చూడండి. ఇచ్చిన మాటను ఆటగాళ్ళు మరచిపోవచ్చు గానీ, పుచ్చుకున్న పాత్ర మరవదు. వచ్చే ఆదివారం మొదటి సన్నివేశం చాలాసార్లు ఆ జాబితాలోనే దొరుకుతుంది.